ఏమీ లేదు, సగం ధరకే

ఆ రోజు ఉదయం నిదానం పెట్టుకున్న పనులు మూడే. పది గంటలకు ఆటకు చిన్న మరమ్మతు ఒకటి విడుదల చేయాలి. పదకొండుకు కూతురి బడికి వెళ్లి లెక్కల టీచరును కలవాలి. మూడింటికి కన్సోల్ కంపెనీ నుంచి పరీక్షకురాలు వస్తే, ఆవిడ ముందు నోరు మెదపకుండా కూర్చోవాలి. ఈ మూడో పని ఆమె పెట్టుకున్నది కాదు. యజమాని ముందురోజు తన గదికి పిలిచి మరీ చెప్పాడు.

నిదానానికి అసలు పేరు వేరే ఉంది గానీ, ఆఫీసులో ఆ పేరు వాడేది జీతం చీటీ ఒక్కటే. కళ్లద్దాల దుకాణం పై అంతస్తులో, నాలుగు గదుల్లో ఇరుక్కుని నడిచే ఆ చిన్న ఆటల కంపెనీలో ఆమె ప్రోగ్రామర్. ఎవరు ఏ పని తొందరపెట్టినా "నిదానం, నిదానం" అంటుంది కాబట్టి ఆ మాటే పేరై కూర్చుంది. ఆమె చేసే ఉద్యోగం మాత్రం ఆటను వేగంగా నడిపించడం. ఇందులో ఉన్న తమాషా అందరికన్నా ముందు ఆమెకే తెలుసు. ఇంకెవరైనా నవ్వబోతే తనే ముందు నవ్వేసి పనిలో పడిపోయేది.

వాళ్లు తయారు చేసిన ఆట పేరు 'ఆవలి గట్టు'. నది మీద పడవ నడపాలి. మనుషుల్ని, మేకల్ని, బీరువాల్ని, ఒక్కోసారి పెళ్లికూతురిని, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చాలి. తుపాకులు లేవు, తరుముడు లేదు. ఉన్నదల్లా నీళ్లు. ఆ నీళ్లను నిదానం ఆరేళ్లుగా కూర్చుని రాస్తోంది. తెడ్డు వేస్తే లేచిన అల వెళ్లి ఒడ్డును తాకి, అలిసిపోయి, చిన్నదై వెనక్కి వస్తుంది. రోజంతా ఎవరితోనో మాటలు పడి ఇంటికొచ్చిన వాళ్లు ఆట ఆడకుండా, పడవ నడి మధ్యలో ఆపేసి ఆ నీళ్లను చూస్తూ కూర్చుంటారని ఉత్తరాలు వచ్చేవి. అలాంటి ఉత్తరం వచ్చిన రోజు నిదానం టీ రెండు కప్పులు తాగేది.

చిక్కల్లా కుదుపులతోనే. సెకనుకు అరవై బొమ్మలు గీస్తే గానీ నీళ్లు నీళ్లలా పారవు. ఆడేవాళ్ల ఫోన్లలో, కంప్యూటర్లలో అవి ఉన్నట్టుండి నలభైకి పడిపోయేవి. పడవ గతుకుల రోడ్డెక్కినట్టు ఎగిరిపడేది. నిదానం తన బల్ల దగ్గర ఎన్నిసార్లు కొలిచినా అరవైకి ఒక్కటి తగ్గేది కాదు. "నా దగ్గర బాగానే నడుస్తోందండీ" అని ఆమె ఏడాదిగా చెబుతున్న మాటను ఎవరో పెద్ద అక్షరాలతో అచ్చువేసి టీ కాచుకునే చోట అంటించారు. టీవీకి తగిలించి ఆడే తమ కన్సోల్‌లోకి ఈ ఆటను తీసుకోవచ్చో లేదో తేల్చడానికి ఆ కంపెనీ పరీక్షకురాలు పోయిన ఏడాది వచ్చి, తన యంత్రంలో కొలిచి, నలభై రెండని రాసుకుని వెళ్లిపోయారు. ఇవాళ రెండోసారి, ఆఖరిసారి వస్తున్నారు. ఇప్పుడూ అరవై రాకపోతే ఆట లోపలి యంత్రాంగమంతా బయటి కంపెనీకి అప్పగించి, నిదానాన్ని సలహాదారుగా వేస్తానన్నాడు యజమాని. ఆ ఆఫీసులో సలహాదారు అంటే పుట్టినరోజు కేకు కోసేటప్పుడు మాత్రమే గుర్తొచ్చే మనిషి.

పది కావడానికి పది నిమిషాలుండగా యజమాని బావమరిది వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఆటలో ఉండే దుకాణం అతని సామ్రాజ్యం. పడవకు రంగులు, జెండాలు, తెరచాపలు అమ్మడంతో మొదలుపెట్టి, లోపల ఏముందో తెరిచేదాకా తెలియని మూతపెట్టెల దాకా వచ్చాడు. దుకాణం నడిపే ప్రోగ్రాం కూడా అతనే ఎక్కడో బయట కొనుక్కొచ్చాడు. దాని మీద ఎవరూ చెయ్యి వేయకూడదని ఒప్పందం.

"అక్కా, పట్టు తెరచాప తయారైపోయింది. నీ మరమ్మతుతో పాటు దాన్నీ ఎక్కించెయ్."

"ఇప్పుడా చెప్పడం?"

"ఒక్క టిక్కు పెట్టాలి, అంతేగా."

నిదానం గోడ గడియారం చూసింది. బడికి బస్సు పది దాటాక అయిదు నిమిషాలకు. దుకాణం జాబితా తెరిచి, పట్టు తెరచాప ఎదురుగా టిక్కు పెట్టి, విడుదల మీట నొక్కి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఆ జాబితాలో తెరచాప కింది వరసలో ఇంకో టిక్కు ఉంటుంది, విడుదలకు ముందు ప్రతిసారీ ఆమె దాన్ని తీసేస్తుంది. కొనుగోలు సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడానికి ఏడాదిన్నర కిందట ఆమే సృష్టించుకున్న ఉత్తుత్తి సరుకు అది. బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి. పేరు రాయాల్సిన చోట అప్పుడు తోచింది రాసింది: 'ఏమీ లేదు'. అన్నిటికన్నా తక్కువ ధర. ఆరేళ్లలో ఆ ఒక్క ఉదయమే ఆమె తనకు తాను "నిదానం" అని చెప్పుకోవడం మరిచిపోయింది.

ఆటగాళ్ల ఉత్తరాలకు జవాబులు రాసేది పిన్నిగారు. యజమానికి నిజంగానే పిన్ని వరస. టెలిఫోన్ విచారణ విభాగంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. అడిగినదానికి జవాబు చెప్పడం, తెలియకపోతే కనుక్కుని చెప్పడం, అబద్ధం చెప్పకపోవడం, ఈ మూడూ అక్కడ అలవాటైనవే. పది గంటల పది నిమిషాలకు ఆవిడకు ఒక ఉత్తరం వచ్చింది. "ఏమీ లేదు కొన్నాను. చాలా బాగుంది. ధన్యవాదాలు" అని ఉంది అందులో.

పిన్నిగారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. "అయ్యా, మీరు ఏం కొన్నారో తెలియజేయగలరు" అని రాశారు.

"ఏమీ లేదు" అని తిరుగు జవాబు.

"ఏమీ కొననప్పుడు ధన్యవాదాలు దేనికండీ?"

"కొన్నందుకే. ఏమీ లేదు."

ఆవిడ లేచి బావమరిది గదికి వెళ్లారు. అతను తెర మీద ఉదయం అమ్మకాల నివేదిక తెరుచుకుని, ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"నాయనా, ఇవాళ దుకాణంలో బాగా పోతున్నదేమిటి?"

"ఏమీ లేదు పిన్నీ" అన్నాడు అతను, నివేదికలో మొదటి వరస చదివి. 'అత్యధికంగా అమ్ముడైన సరుకు: ఏమీ లేదు' అని స్పష్టంగా రాసి ఉంది. అంకెల దాకా అతను వెళ్లలేదు. నెల రోజులు కష్టపడి గీయించిన పట్టు తెరచాపను ఎవరూ కన్నెత్తి చూడలేదనుకుని లోపల్లోపల కుమిలిపోతున్నాడు.

"అలాగా, పాపం" అని పిన్నిగారు వెనుదిరిగారు.

అతను మాత్రం ఊరుకునే మనిషి కాదు. పదిన్నరకల్లా ఆటగాళ్లందరికీ సందేశం పంపాడు. మధ్యాహ్నం దాకా దుకాణంలో ఉన్నవన్నీ సగం ధరకే. ఆ సందేశం చూసి దుకాణంలోకి తొంగిచూసిన వేలమందికి అన్నిటికన్నా పైన ఒక ఖాళీ గడి, దాని కింద 'ఏమీ లేదు, సగం ధరకే' అన్న అక్షరాలు కనిపించాయి. ఎవరో దాన్ని ఫొటో తీసి ఆటగాళ్ల చర్చావేదికలో పెట్టారు. "ఇన్నాళ్లూ కంపెనీలన్నీ మనకు అమ్ముతున్నది ఇదే. పేరు పెట్టి అమ్మింది మాత్రం వీళ్లే" అని రాశారు. ఆ నిజాయితీకి ముచ్చటపడి కొందరు కొన్నారు. వెటకారానికి కొందరు కొన్నారు. తక్కినవాళ్లు కొంటున్నారు కదా అని మిగిలినవాళ్లు కొన్నారు.

కొన్నవాళ్లకు పది నిమిషాల్లో ఒక విషయం తెలిసొచ్చింది. ఆట కుదుపుల్లేకుండా నడుస్తోంది.

ముందు ఈ మాట రాసింది పాత ఫోన్ల వాళ్లు. "ఏమీ లేదు కొన్నాక పడవ పాల మీద మీగడలా జారుతోంది" అన్నారు. కంప్యూటర్ల వాళ్లు ఎప్పటిలాగే ఎగతాళి చేశారు. ఆట సరిగ్గా ఆడాలంటే సరైన యంత్రం కొనుక్కోవాలి గానీ చేతిలో పట్టే బిళ్లలో నదిని చూసి మురిసిపోకూడదని వాళ్ల సిద్ధాంతం. ఒక పెద్దమనిషి తన కంప్యూటరుకు ఎన్ని ఫ్యాన్లున్నాయో కూడా రాశాడు. ఆయనే అర్ధగంట తర్వాత చిన్న గొంతుతో తిరిగొచ్చి, తనూ కొని చూశానని, తన దగ్గరా నలభై నుంచి అరవైకి వెళ్లిందని ఒప్పుకున్నాడు. అప్పుడు గొడవ ఇంకో మలుపు తిరిగింది. అంటే ఈ కంపెనీ ఆటను కావాలని నెమ్మది చేసి, ఇప్పుడు వేగాన్ని విడిగా అమ్ముతోందా? కన్సోల్ ఉన్నవాళ్లు కూడా ఈ వాదనలో దిగి, ఇది తమను చిన్నచూపు చూడటమేనని అందరికన్నా గట్టిగా రాశారు. వాళ్ల కన్సోల్‌లోకి అసలు ఆ ఆటే ఇంకా రాలేదు.

ఒక ఆటగాడు నేరుగా పిన్నిగారికే రాశాడు. "ఇది కొంటే ఆట బాగా నడుస్తుందని అంటున్నారు. నిజమేనా?"

పిన్నిగారికి తెలియదు. తెలియకపోతే కనుక్కుని చెప్పాలి. తన ఫోన్ తీసి, తన డబ్బుతోనే ఆ ఖాళీ గడిని కొని, పడవను అటొకసారి ఇటొకసారి నడిపి చూశారు. నిజంగానే బాగుంది. కూర్చుని రాశారు: "నిజమేనండీ. నేను స్వయంగా కొని చూశాను. ఎంతో తేడా ఉంది. ఇట్లు, ఆటగాళ్ల సహాయ విభాగం."

ఆ జవాబు అయిదు నిమిషాల్లో చర్చావేదికలో అన్నిటికన్నా పైకి చేరింది. 'కంపెనీ ఒప్పుకుంది' అని శీర్షిక. ఆటల వార్తలు రాసే పత్రికవాళ్లు పన్నెండింటికల్లా యజమానికి ఫోన్ చేశారు. వేగాన్ని సరుకుగా అమ్మాలన్న ఆలోచన మీకెప్పుడు వచ్చిందని అడిగారు. అటువంటి ఆలోచనేదీ తనకు రాలేదని ఆయన చెప్పాడు. మరి మీ దుకాణంలో ఏం అమ్ముతున్నారని అడిగితే, ఇవాళ ఏమీ లేదని బావమరిది చెప్పిన మాటనే చెప్పాడు. పత్రికవాళ్లు దాన్ని ధ్రువీకరణగా రాసుకున్నారు.

ఈ సమయానికి నిదానం బడి వరండాలో చెక్కబల్ల మీద, ఫోన్ నోరు నొక్కేసి కూర్చుని ఉంది. పదకొండుకు రమ్మన్న లెక్కల టీచరు పన్నెండైనా పిలవలేదు, ఇంకా ఎదురుచూస్తోంది. తలుపు సందులోంచి చూస్తే ఆ టీచరు బల్ల కింద చేతులు పెట్టి ఫోన్‌లో ఏదో ఆడుతున్నాడు. చూపు కాస్త సాగదీస్తే నీళ్లు కనిపించాయి. తన నీళ్లు. అల వెళ్లి ఒడ్డును తాకి వెనక్కి వస్తోంది, ఒక్క కుదుపు లేకుండా. అద్దం రెండు చోట్ల పగిలిన పాత ఫోన్ అది. తన బల్ల మీద తప్ప ఇంకెక్కడా ఆ నీళ్లను అలా చూసి ఎరగదు నిదానం.

లోపలికి వెళ్లాక పిల్ల మార్కుల సంగతి పక్కన పెట్టి ముందు అదే అడిగింది. "మాస్టారూ, మీ ఫోన్‌లో ఈ ఆట ఇంత బాగా నడుస్తోందేమిటండీ? ఏం చేశారు?"

టీచరు సిగ్గుపడి ఫోన్ పుస్తకం కింద దాచబోయాడు. "మొన్నటిదాకా చచ్చేంత కుదుపులండీ. ఇవాళ పొద్దున్నే బాగుపడింది."

"కొత్తగా ఏమైనా వేశారా అందులో?"

"ఏమీ లేదు కొన్నానండీ, అంతే."

"ఏమీ కొనకుండానే బాగుపడిందా?"

"కొన్నానండీ. ఏమీ లేదు."

మనిషి మాట తడబడుతోందనుకుంది నిదానం. పిల్ల భిన్నాలలో వెనకబడిందని ఆయన చెప్పినదంతా విని, దండం పెట్టి బయటికొచ్చి, మెట్లు దిగుతూ మూడో మెట్టు మీద ఆగిపోయింది. ఖాళీ గడి కళ్ల ముందు మెదిలింది. ఫోన్ తీసి చూస్తే ఆఫీసు నుంచి ముప్ఫై నాలుగు పిలుపులు.

ఆమె తిరిగొచ్చేసరికి బావమరిది గది మధ్యలో నిలబడి ఊగిపోతున్నాడు. నివేదికలో అంకెలు ఇప్పుడు చూశాడు. మూడు నెలల మూతపెట్టెలన్నీ కలిపినా రానంత డబ్బు రెండు గంటల్లో వచ్చింది. యజమాని కుర్చీలో తల పట్టుకుని ఉన్నాడు. పిన్నిగారు చేతిలో ఒక కాగితం పట్టుకుని నిదానం కోసమే చూస్తున్నారు.

"ఆ వరస నాదండీ" అంది నిదానం, సంచి కూడా దించకుండా. "పరీక్ష కోసం నేను పెట్టుకున్నది. తీయడం మరిచిపోయాను. తప్పు నాదే."

యజమాని తలెత్తాడు. "తప్పు సంగతి తర్వాత. అది కొంటే ఆట ఎందుకు బాగుపడుతోంది?"

"అదే నాకూ తెలియడం లేదు. కొంటే ఆ ఖాతా పరీక్ష ఖాతాగా మారుతుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు."

"అమ్మాయ్, ముందిది చదువు" అని పిన్నిగారు కాగితం అందించారు.

రాసిన మనిషి గడియారాలు బాగుచేసే ఆయన. అయిదేళ్లుగా ఆట ఆడుతున్నాడు, దుకాణంలో అణా సరుకు కొనలేదు. కొననని మొదటి ఉత్తరంలోనే చెప్పాడు. అయినా ఏడాదికి నాలుగైదుసార్లు ఎక్కడ ఏ అల తేడాగా వస్తోందో ఓపిగ్గా రాసి పంపేవాడు. ఈసారి ఇలా రాశాడు: "అమ్మా, ఏమీ లేదు నేను కొనలేదు. నా భార్య కొంది. ఇద్దరి ఫోన్లూ ఒకే రకం, ఒకే వయసు. పనిబల్ల మీద పక్కపక్కనే పెట్టి గంటసేపు చూశాను. తన పడవ సాఫీగా పోతోంది. నా పడవ కుదుపుతోంది. అయితే ఆ కుదుపు ఎప్పుడు పడితే అప్పుడు రావడం లేదు. సరిగ్గా నాలుగు సెకన్లకు ఒకటి. యంత్రం నీరసించి చేసే తప్పు ఇంత క్రమంగా ఉండదు. మీ ఆటలో ఎవరో నాలుగు సెకన్లకు ఒకసారి వచ్చి తలుపు తట్టి పోతున్నారు. నా ఫోన్‌లో తడుతున్నారు, మా ఆవిడ ఫోన్‌లో తట్టడం లేదు. అదెవరో చూడండి. మీ నీళ్లలో తప్పు లేదు."

నిదానం ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత కుర్చీలో కూర్చుని, ఏడాదిలో మొదటిసారి, పరీక్ష ఖాతా వదిలేసి మామూలు ఆటగాడిలా కొత్త ఖాతా తెరిచి లోపలికి వెళ్లింది. నలభై రెండు. నాలుగు సెకన్లకు ఒక కుదుపు. ఆ నాలుగో సెకనులో లేస్తున్నదెవరో వెతకడానికి పావుగంట పట్టింది.

"దుకాణం" అంది.

"దుకాణానికేమైంది?" అన్నాడు బావమరిది.

"మూసి ఉన్నా సరే, నాలుగు సెకన్లకోసారి లేచి, కొత్త సరుకేమైనా వచ్చిందా అని అడిగి, ఉన్న జెండాలూ తెరచాపలూ పెట్టెలూ అన్నీ మళ్లీ మొదటి నుంచీ గీసుకుంటోంది. ఎవరూ చూడకపోయినా."

"మరి నీ దగ్గర ఎలా నడిచిందక్కా ఇన్నాళ్లూ?"

నిదానం నవ్వబోయి ఆగింది. పరీక్ష కోసం తను రోజుకు వందసార్లు కొనేది. అవి నిజమైన అమ్మకాలనుకుని బావమరిది ఒకసారి ఆఫీసంతా మిఠాయిలు పంచాడు. ఆ తర్వాత పరీక్ష ఖాతాల్లో దుకాణం నిద్రపోయేలా తనే చేసింది. అప్పటి నుంచీ కొలిచినదంతా ఆ ఖాతాలోనే. దుకాణం లేని నది మీద కొలిచి, దుకాణం ఉన్న నది మీద నడిచేవాళ్లతో ఏడాదంతా వాదించింది.

"నా దగ్గర బాగానే నడిచింది" అంది మెల్లిగా. "అదే తప్పు. అందరి దగ్గరా ఎలా నడుస్తోందో చూడాల్సింది."

గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. బావమరిది తేరుకున్నాడు. "బావా, ఇందులో కంగారుపడాల్సిందేముంది? పరీక్షకురాలి యంత్రంలో ముందే ఒక ఏమీ లేదు కొనిపెడదాం. ఆవిడకు అరవై వస్తుంది. రేపటి నుంచి దానికి మంచి పేరు పెట్టి, ధర పెంచి అందరికీ అమ్ముదాం. జనం కొనడానికి సిద్ధంగా ఉన్నారు."

యజమాని వెంటనే కాదనలేదు. పాపం, ఆయనకూ ఆఫీసులో పనిచేసే పన్నెండు మంది జీతాలు గుర్తొచ్చి ఉంటాయి.

"నేను ఒప్పుకోనండీ" అంది నిదానం. ఆ ఆఫీసులో ఆమె గొంతు అంత స్పష్టంగా ఎవరూ వినలేదు. "కుదుపు మనం పెట్టింది. దాన్ని తీయడానికి వాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. దుకాణం ఇప్పుడే మూసేస్తాను. అందరికీ. జరిగింది జరిగినట్టు రాస్తాను, డబ్బు వెనక్కిచ్చేద్దాం."

"దుకాణం మూస్తే నెల తిరిగేదెలా?" అన్నాడు యజమాని.

జవాబు పిన్నిగారు చెప్పారు. "నాయనా, అయిదేళ్లుగా ఉత్తరాలు చదువుతున్నాను. నీళ్ల కోసమే ఆడుతున్నామని ఎంతోమంది రాశారు. పెట్టెలు బాగున్నాయని మాత్రం ఒక్కరూ రాయలేదు. ఆ తర్వాత నీ ఇష్టం."

యజమాని ఆవిడ ముఖంలోకి చూశాడు. చిన్నప్పుడు తనకు ఎక్కాలు నేర్పిన ముఖం అది. "మూసెయ్యండి" అన్నాడు.

రెండు గంటలకు నిదానం దుకాణం మూసింది. ప్రకటన తనే రాసింది. పిన్నిగారు అందులోంచి 'సాంకేతిక కారణాల వల్ల' అన్న మాట కొట్టేసి 'మా పొరపాటు వల్ల' అని దిద్దారు. గడియారాలాయన ఉత్తరం పూర్తిగా అందులో పెట్టారు, తప్పు పట్టుకున్నది ఆయనేనని. ఫోన్లలో, కంప్యూటర్లలో, కొన్నవాళ్లకూ కొననివాళ్లకూ, ఒకేసారి కుదుపు ఆగిపోయింది. చర్చావేదికలో కొన్ని నిమిషాలు ఎవరూ ఏమీ రాయలేదు. అందరూ పడవలు నది మధ్యలో ఆపుకుని చూస్తున్నారని తర్వాత తెలిసింది.

సరిగ్గా మూడింటికి పరీక్షకురాలు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండే ఆవిడ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. సొంత యంత్రం బల్ల మీద పెట్టి, కొత్త ఖాతా తెరిచి, గంటసేపు పడవ నడిపారు. బొమ్మల లెక్క చూపే గీత అరవై మీద బల్లపరుపుగా వెళ్లింది. మంచులో అరవై, వానలో అరవై, ఇరవై మేకలెక్కినా అరవై. బావమరిది గోడకు ఆనుకుని చూస్తున్నాడు. ఆవిడ యంత్రం ఆపి, ఫారం తీసి నింపడం మొదలుపెట్టారు.

"ఆటలో అమ్మకానికి ఏముంది?"

"ఏమీ లేదు" అన్నాడు యజమాని.

ఆవిడ కలం ఆపారు. "అది తీసేశామని ప్రకటించారు కదా."

"తీసేశామండీ. అందుకే ఏమీ లేదు."

"తీసేశారా, ఉందా?"

"లేదండీ" అన్నారు పిన్నిగారు, ముప్ఫై ఏళ్ల విచారణ విభాగం గొంతుతో. "అమ్మకానికి ఉన్న వస్తువుల సంఖ్య సున్నా. అంకె వేసుకోండి."

ఆవిడ సున్నా చుట్టారు. సంతకం పెట్టారు. లేస్తూ, మొదటిసారి నిదానం వైపు తిరిగి, "ఒడ్డును తాకి వెనక్కొచ్చే అల ఎవరు రాశారు?" అని అడిగారు. మాట్లాడవద్దన్న మాట గుర్తొచ్చి నిదానం యజమాని వైపు చూసింది. "ఆమేనండీ" అన్నాడు యజమాని, లేచి నిలబడి. "మొత్తం ఆమే." టీ కాచుకునే చోట అంటించిన కాగితాన్ని ఆ సాయంత్రం ఆయనే చింపేశాడు.

డబ్బు వెనక్కివ్వడం మాత్రం అనుకున్నంత సులువు కాలేదు. మర్నాడు ఉదయానికి పిన్నిగారికి గుట్టలుగా ఉత్తరాలు వచ్చాయి. తిరిగి తీసుకోబోమని దాదాపు అందరూ రాశారు. తాము కొన్నది ఏమీ లేదని, అది తమకు చక్కగా అందిందని, వెనక్కివ్వడానికి ఏముందని వాళ్ల వాదన. మూతపెట్టెల మీద అయిదేళ్లుగా నిప్పులు కక్కినవాళ్లే, ఆ ఖాళీ గడిని మళ్లీ పెట్టండని పట్టుబట్టారు. గడియారాలాయన ఉత్తరం అన్నిటికన్నా చిన్నది. "నేను కొననిది నా భార్య దగ్గర ఉంది. నాకూ ఒకటి కావాలి. ఈసారి కొన్నాక నిజంగా ఏ తేడా ఉండకూడదు, అది మాత్రం చూసుకోండి."

యజమాని రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. కొనుక్కొచ్చిన పాత ప్రోగ్రాం తీసేసి నిదానం కొత్త దుకాణం రాసింది. ఎవరైనా తలుపు తీస్తే గానీ అది కళ్లు తెరవదు. అందులో ఒకటే సరుకు. దాని కింద పిన్నిగారు రాసిన రెండు వాక్యాలు: 'ఇది కొంటే మీకు ఏమీ రాదు. మాకు జీతాలు వస్తాయి.' మూతపెట్టెలకు ఏనాడూ రానంత ఆదరణ వచ్చింది దానికి. ఫోన్ల వాళ్లకూ కంప్యూటర్ల వాళ్లకూ మధ్య పోరు ఇప్పుడు ఎవరు ఎక్కువ కొన్నారన్న దాని మీదికి మళ్లింది. పెద్ద తెర మీద చూస్తే ఆ ఖాళీ మరింత స్పష్టంగా ఉంటుందని ఫ్యాన్ల పెద్దమనిషి రాశాడు.

ఆ ఏడాది చివర ఆటల కంపెనీలన్నీ కలిసి జరుపుకునే సభకు బావమరిదిని వక్తగా పిలిచారు. ఖాళీ గడితో ఒక కంపెనీని నిలబెట్టిన వ్యూహం ఏమిటో చెప్పమన్నారు. అతను వేదిక ఎక్కి, జీవితంలో మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అందులో తన ప్రమేయం లేదని, అక్క ఒక టిక్కు తీయడం మరిచిపోయిందని, గడియారాలు బాగుచేసే ఒకాయన తప్పు పట్టుకున్నాడని, పిన్ని నిజం రాసేసిందని, తను ఆ పూటంతా నివేదికను తప్పుగా చదువుతూ కూర్చున్నానని చెప్పి దిగిపోయాడు. అసలు రహస్యాన్ని ఎంత గడుసుగా దాచుకున్నాడో అని మెచ్చుకుంటూ సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.